కొరడా వీరుడును మా అమ్మయు

బాల్యమున ప్రీతిపాత్రమైన వస్తువును పెద్దతనమున మరల చూడబోవుట కొంచెము ధైర్యముతో గూడిన పని. చిన్ననాడు మహాసముద్రమువలె తోచిన ఊరిచెరువు నేడు చూడబోయినచో మడుగువలె నుండును. తాతగారి లోగిలి ఇరుకుగా తోచును. కాబట్టి అట్టివానిని దూరమునుండియే తలచుకొని సంతోషించుట మేలని పలువురందురు. నేనును అట్లే అనుకొనుచుంటిని. అయినను 2023వ సంవత్సరము జూలై మాసములో ఒక ఆదివారమునాడు, మా అమ్మను వెంటబెట్టుకొని, ఇండియానా జోన్సు చిత్రములలో ఐదవదానిని చూడబోయితిని. ఆనాడు నాకు తెలియవచ్చిన సంగతిని ఈ పత్రిక చదువు సోదరీమణులతో చెప్పుకొనవలెనని కోరిక కలిగి ఇది వ్రాయుచున్నాను.

ఈ చిత్రముల నెరుగనివారికొరకు ముందుగా నాలుగు మాటలు. ఇండియానా జోన్సు అమెరికాదేశమున కళాశాలలో పురాతత్త్వశాస్త్రము బోధించు ఆచార్యుడు. తరగతిలో కండ్లద్దములు పెట్టుకొని బుద్ధిమంతునివలె పాఠము చెప్పును. తరగతి ముగిసినపిదప తోలుకోటును, వెడల్పుటంచుల టోపీని ధరించి, నడుమున కొరడా చుట్టుకొని, ప్రాచీనవస్తువులకై దేశదేశములు తిరుగును. ఎంతటి ఆపదకైన జంకడు గాని పాము కనబడినచో మాత్రము ప్రాణము లేచిపోవును. జార్జి లూకాసు కల్పించిన యీ పాత్రను స్టీవెన్ స్పీల్బర్గు తెరకెక్కించెను. మొదటిచిత్రము 1981లోను, రెండవది 1984లోను, మూడవది 1989లోను, నాలుగవది 2008లోను, ఐదవది 2023లోను వెలువడినవి. మొదటి నాలుగింటికి స్పీల్బర్గే దర్శకుడు. ఐదవదానికి జేమ్సు మ్యాంగోల్డు. ఐదింటను నాయకుడు హారిసన్ ఫోర్డే. సంగీతము జాన్ విలియమ్సుదే. ఫోర్డు 1942లో జన్మించినవాడు. మొదటి చిత్రమునాటికి నలువదేండ్లకు చేరువలో నుండెను; కడపటిదాని నాటికి ఎనుబదేండ్లు నిండినవి.

మా నాన్నగారు సికిందరాబాదున రైల్వే కార్యాలయములో గుమాస్తాగా నుండిరి. జీతము కొంచెము, సంసారము పెద్దది. ఆయనకు కాఫీతప్ప వేరొక వ్యసనము లేదు; ఉన్న సరదా యొక్కటే, ఇంగ్లీషు సినిమా. ఆ దినములలో సికిందరాబాదున సంగీత్ అను సినిమాహాలు ఇంగ్లీషు చిత్రములకు పేరుగాంచినది. ఇప్పుడది లేదు, పడగొట్టినారు. అక్కడికి నన్నును మా తమ్మునిని ఆదివారపు ఉదయపు ఆటకు తీసికొనిపోయెడివారు. నాకు పదేండ్లు, వానికి ఏడు. ఇంగ్లీషు మాకు రాదు. నాన్నగారు మా ఇద్దరి నడుమ కూర్చుండి, ఎవరికిని అడ్డురాకుండ, మెల్లగా తెలుగులో చెప్పుచుండెడివారు. నేటికిని ఆ చిత్రములలోని మాటలు తలచుకొన్నచో నాకు మా నాన్నగారి గొంతే వినబడును.

అమ్మ రాలేదు. ఎట్లు రాగలదు? మా నాయనమ్మకు పక్షవాతము వచ్చి మంచముపట్టి మూడేండ్లయినది. ఆమెను తిప్పి పరుండబెట్టుట, జావ త్రాగించుట, బట్టలు మార్చుట అన్నియు అమ్మయే చేయవలెను. రెండు గంటలైనను ఒంటరిగా విడిచిపెట్టుటకు వీలులేదు. కాబట్టి అమ్మ ఇంట నుండుట మాకు వింతగా తోచలేదు. ఇంటికి వాకిలి యుండుట ఎట్టిదో, అమ్మ ఇంట నుండుటయు అట్టిదే.

మేము తిరిగి వచ్చుసరికి అమ్మ పప్పును దొండకాయ వేపుడును సిద్ధముచేసి యుంచెడిది. మాకు వడ్డించి, తాను పీటవేసికొని కూర్చుండి, "ఊఁ, ఇప్పుడు చెప్పండి" అనెడిది. అంతట రెండవ ఆట మొదలగును. మొదటి చిత్రమున గుహలోనుండి పెద్ద బండరాయి దొర్లుకొనివచ్చుట చూపుటకు, తమ్ముడు చుట్టిన పరుపును నడవలో దొర్లించెడివాడు. నేను తువ్వాలును కొరడావలె విసరుచు పరుగెత్తెడిదానను. ఈజిప్టుదేశమున నేలమాళిగలో వేలకొలది పాములనడుమ నాయకుడును నాయికయు చిక్కుకొన్న ఘట్టము చెప్పునప్పుడు మేము కంచములయెదుట కాళ్లు పైకెత్తి కూర్చుంటిమి. అమ్మ గ్రుడ్లప్పగించి వినెను.

"పాములకు అంత భయపడువాడు దానిలో ఎందుకు దిగినాడే?" అని అడిగెను.

"అక్కడ దేవుని పెట్టె యున్నది గనుక."

"మరి ఆ అమ్మాయియో?"

"ఆమె దిగలేదు. శత్రువులు త్రోసివేసినారు."

"అంతేలే" అని అమ్మ నిట్టూర్చి, మజ్జిగ పోసెను.

ఆ అమ్మాయి పేరు మేరియన్. కేరెన్ ఆలెన్ ఆ పాత్ర ధరించెను. నేపాళదేశమున మంచుకొండలలో పానశాల నడుపుకొనుచు, త్రాగుడు పందెములో పురుషులను ఓడించు ధీరురాలు. ఈ సంగతి నాయనమ్మ చెవిని పడరాదని నాన్నగారు మాతో ముందే చెప్పియుండిరి. అందుచే మేము గుసగుసగా చెప్పితిమి. అమ్మ నోటికి కొంగు అడ్డము పెట్టుకొని, కండ్లనీరు కారునట్లు నవ్వెను. ఆమె అంతగా నవ్వుట నేను మరల చాలకాలము చూడలేదు.

రెండవచిత్రమును మేము హాలులో చూడలేదు. మా పెదనాన్నగారింట వీడియోలో చూచితిమి. అది మనదేశములో జరిగినట్లు కల్పించిన కథ. అందలి కథ మనదేశమును కించపరచునట్లున్నదని మన ప్రభుత్వమువారు ఇక్కడ చిత్రించుటకు అనుమతి నీయనందున, సింహళమునందలి క్యాండీ పరిసరములలో తీసినారు. కొంతకాలము మనదేశమున దాని ప్రదర్శనము నిషిద్ధమైయుండెను కూడ. అందు రాజుగారి విందులో కోతి మెదడు వడ్డింతురు. అది చెప్పినప్పుడు అమ్మకు వచ్చిన కోపము ఇంతింత కాదు. "ఏ దేశపు రాజమ్మా వాడు? ఆ వంటవానిని ఒక్కమారు మనయింటికి పంపుమనుము, ఉప్పుపిండి చేసి చూపెదను" అనెను. అందులో దుష్టుడైన పూజారి వేషము వేసినవాడు మన అమరీష్ పురీ. తరువాత 1990లో "జగదేకవీరుడు అతిలోకసుందరి"లో మాంత్రికుడుగను, 1991లో "ఆదిత్య 369"లో పురాతనవస్తువుల నపహరించువాడుగను ఆయన కనబడినప్పుడెల్ల, అమ్మ "మీ కోతిమెదడు ఆయన వచ్చినాడు" అని మమ్ము పిలిచెడిది.

మూడవచిత్రము తండ్రికొడుకుల కథ. నాయకుని తండ్రిగా షాన్ కానరీ నటించెను. చిత్రమేమనగా, ఆయన ఫోర్డుకంటె పండ్రెండేండ్లు మాత్రమే పెద్ద. క్రీస్తు కడపటి విందున వాడినదని చెప్పబడు పాత్రకై ఇద్దరును వెదకుదురు. జన్మమంతయు దానికొరకే ధారపోసిన ఆ తండ్రి, తీరా అది చేతికందు సమయమున, అగాధములో వ్రేలాడుచున్న కుమారునితో దానిని విడిచిపెట్టుమని చెప్పును. ఆ ఘట్టమున నాన్నగారు తెలుగు చెప్పుట మానివేసిరి. అప్పటికి నాకు పదునైదేండ్లు; కొంత ఇంగ్లీషు తెలియును. ఆయన మా ఇద్దరి చేతులను పట్టుకొని యుండిరి. ఈ జన్మమున నేను మరువని స్పర్శ అది.

ఆ పిమ్మట జీవితము తనదారిని తాను నడచినది. నాకు వివాహమైనది. తమ్ముడు అమెరికాకు పోయి అక్కడనే స్థిరపడెను. 2008లో నాలుగవచిత్రము వచ్చినప్పుడు నేను మావారితో కలిసి చూచి, రాత్రి అమ్మకు ఫోనుచేసి, "అమ్మా, మన కొరడాదొరకు పెండ్లి అయినది" అంటిని. "ఎవరితోనే?" అనెను. "మేరియన్‌తోనే" అనగా, "పోనీలే, ఇప్పటికైనను బుద్ధి వచ్చినది" అనెను. 2016లో నాన్నగారు కాలధర్మము నొందిరి. అప్పటినుండి అమ్మ నాయొద్దనే యున్నది.

ఐదవచిత్రము 2023లో మనదేశమున తెలుగులోను విడుదలయ్యెను. ఆ ప్రకటన చూచినప్పుడు నాకు మొట్టమొదట కలిగిన తలంపు, 'నాన్నగారుండిన ఎంత సంతోషింతురో' అని. నాకు తోడు కావలసివచ్చినందున అమ్మను రమ్మంటిని. నిజము దాచనేల? ఆమెకు చూపవలెనని కాదు, ఒంటరిగా పోయి ఏడ్చుట కిష్టములేక పిలిచితిని. అమ్మకు డెబ్బదియారేండ్లు, మోకాళ్లనొప్పులు. అయినను ఆమె ఒక్కక్షణము తటపటాయింపక, పెట్టెలోనుండి గద్వాలు చీర తీసి కట్టుకొనెను. నేను వింతపడితిని. ఆ పెద్ద బజారుమేడలోని కదలెడు మెట్లు ఎక్కుటయే మా మొదటి సాహసమైనది. అమ్మ రెండుమార్లు కాలు వెనుకకు తీసి, మూడవమారు కండ్లు మూసికొని ఎక్కి, పైకి చేరినపిదప, "కొరడా లేకుండగనే ఎక్కితిని" అనెను.

చిత్రము 1944లో మొదలగును. యంత్రగణకముల సాయమున ఫోర్డు ముఖమును యౌవనమునకు మరలించినారు. రైలుమీద పరుగులు, పోరాటములు. నాకు పదేండ్లప్పటి ముఖము తెరమీద కనబడగనే గుండె ఝల్లుమన్నది. అమ్మ మాత్రము, "ఈ పిల్లవాడేనా?" అని సామాన్యముగా అడిగి ఊరకుండెను. ఇంతలో కథ 1969కి మారును. మనుష్యుడు చంద్రునిమీద కాలు మోపిన సంవత్సరము. ముసలివాడైన జోన్సు ఒంటరియింట కుర్చీలో నిద్రించుచు, పొరుగువారి సంగీతపుగోలకు మేల్కాంచును. చర్మము వ్రేలాడుచున్నది, చేతికర్ర లేదుగాని చేతికర్ర కావలసిన నడక. కుమారుడు వియత్నాము యుద్ధమున మరణించినాడు. ఆ దుఃఖమున దంపతులు ఒకరినొకరు ఓదార్చుకొనలేక విడిపోయినారు. విడాకుల కాగితములు బల్లమీద నున్నవి. అప్పుడు అమ్మ కుర్చీలో ముందుకు జరిగి కూర్చుండెను.

ఈమారు కథకు ఆధారమైన వస్తువు వట్టి కల్పన కాదు. గ్రీసుదేశమున ఆంటికిథిరా ద్వీపముచెంత సముద్రములో మునిగిన ప్రాచీననౌకనుండి 1901లో ఒక కంచుయంత్రపు తునకలు బయటపడెను. అందు ముప్పది పండ్లచక్రములు మిగిలియున్నవి. సూర్యచంద్రుల గతులను, గ్రహణములను ముందుగా గణించి చెప్పుటకు రెండువేల యేండ్లనాడే చేసిన యంత్రమది. నేడు ఏథెన్సు నగరపు పురావస్తుశాలలో నున్నది. చిత్రమువారు దానిని ఆర్కిమిడీసు చేసినట్లును, కాలమున వెనుకకు పోవు ద్వారములను చూపునట్లును కల్పించినారు. ఆ యంత్రమువలన జోన్సు చిత్రాంతమున రోమనులు ముట్టడించిన సిరాక్యూసు నగరమునకు పోయి పడును. జీవితమంతయు తాను పుస్తకములలో చదివిన ప్రాచీనకాలము కండ్లయెదుట నున్నది. గాయపడిన ఆ ముసలివాడు, తన్నక్కడనే విడిచిపొమ్మని ప్రాధేయపడును. ఇంటికి పోయి చేయవలసిన దేమున్నది?

ఆ సమయమున నేను ఏడ్చితిని. నాకును అట్లే యుండెను. పడగొట్టిన ఆ సినిమాహాలులో, నాన్నగారి ప్రక్కకుర్చీలో, ఆ చీకటిలో నన్నును విడిచిపొండని ఎవరినైన వేడుకొనవలెనని తోచెను. చెరువు చిన్నదైనదని నేను చింతింపలేదు. ఆ చెరువుచెంతకు పోయినదారి మూసికొనిపోయెనని చింతించితిని.

కాని ఆయన స్నేహితుని కుమార్తె హెలీనా ఆయనమాట వినదు. ఒక్క గ్రుద్దు గ్రుద్ది స్పృహతప్పించి ఇంటికి తెచ్చివేయును. కన్ను తెరచుసరికి న్యూయార్కులోని ఆ పాతయిల్లే. వాకిట అడుగుల చప్పుడు. సరుకులసంచితో మేరియన్ లోనికి వచ్చును. తలనెరసిన కేరెన్ ఆలెన్. మొదటిచిత్రమున ఓడమీద గాయములకు కట్లుకట్టునప్పుడు వారిద్దరి నడుమ నడచిన మాటలనే ఆ ముసలిదంపతులు మరల చెప్పుకొందురు. అంతటితో కథ ముగియును.

హాలులో దీపములు వెలిగినవి. నేను కండ్లు తుడుచుకొనుచు అమ్మవంక చూచితిని. ఆమె ఏడ్చుట లేదు. ఏదో లెక్క తేలనిదానివలె నొసలు ముడిచియుండెను.

"అమ్మాయీ, ఇన్నేండ్లు ఈ పిల్ల ఎక్కడ నున్నది?"

"ఎవరమ్మా?"

"ఈమెయే. నేపాళములో అంగడి నడిపిన పిల్ల. మొదటిదానిలో నున్నదని మీరు చెప్పినారు. రెండవదానిలో చెప్పలేదు. మూడవదానిలో చెప్పలేదు. పెండ్లినాడు వచ్చినది. ఇప్పుడు కడపట సంచి పట్టుకొని వచ్చినది. నడుమ ఏమైనది?"

నేను దిగ్భ్రాంతి నొందితిని. ముప్పదియెనిమిదేండ్లక్రిందట అన్నము తినుచు గుసగుసగా చెప్పిన పేరు ఆమె మరువలేదు. ఆ చిత్రములను ఎన్నియోమార్లు చూచిన నాకు ఈ ప్రశ్న ఎన్నడును తట్టలేదు. రెండవచిత్రమున ఆమె లేదు, మూడవదానిలోను లేదు. వీరుడు దేశములు తిరుగుచుండగా ఆమె ఎక్కడనో యున్నది. ఎక్కడనో ఎవరును అడుగలేదు.

తిరిగివచ్చునప్పుడు కాఫీ త్రాగుచు, వాడుకమాటవలె అమ్మ ఇట్లనెను: "మూడవదానికి నేనును వత్తుననుకొంటిని. మీ నాయనమ్మ పోయి అప్పటికి రెండేండ్లయినది గదా. ఆనాడు వంట ఏడింటికే ముగించి, ఈ చీరయే కట్టుకొని నిలిచితిని. మీ నాన్నగారు తలుపు వేసికొమ్మని చెప్పి చెప్పులు తొడుగుకొన్నారు. చూడగా మూడే టిక్కెట్లు తెప్పించినారు."

"ఎందుకు అడుగలేదమ్మా?"

"అడిగిన తెచ్చెడివారే. అడుగకుండగ తెత్తురేమోనని చూచితిని" అని నవ్వి, కప్పు క్రింద పెట్టెను.

ఆ దినము నాకు బాగుగ జ్ఞాపకమున్నది. అమ్మ మంచిచీర కట్టుకొని వాకిట నిలిచియుండుటయు జ్ఞాపకమున్నది. గుడికి పోవుచున్నది కాబోలునని యనుకొంటిని. నాన్నగారు నా చేయిపట్టుకొన్న ఘట్టమును ఇన్నేండ్లు నిధివలె దాచుకొంటిని. ఆ గడియలోనే మా యింట ఒకరు కట్టినచీర విప్పి మడతపెట్టుచుండిరని నాకు తెలియదు. నాన్నగారిని నిందింపజాలను. ఆయనవంటి సాధువు అరుదు. నాయనమ్మ యుండగా ఏర్పడిన ఏర్పాటు, ఆమె పోయినపిదపను అట్లే నిలిచిపోయినది. కారణము తీరినను అలవాటు తీరలేదు. ఆయన గమనింపలేదు, మేము గమనింపలేదు, అమ్మ చెప్పలేదు.

సోదరీమణులారా, మనయిండ్లలో ఇట్టి ఏర్పాటులు ఎన్నియున్నవో ఒక్కమారు చూచుకొనవలెను. కారణములు పోయి ఏర్పాటులు మాత్రము మిగిలియుండును. పిలువనివారిది తప్పా, అడుగనివారిది తప్పా యను తర్కము నాకు చేతకాదు. అడుగుట మన కాడువారికి నేర్పదగిన విద్యయనియు, అడుగకముందే నాలుగవ టిక్కెట్టు తెచ్చుట తక్కినవారు నేర్వదగిన విద్యయనియు మాత్రము నాకు తోచుచున్నది.

అటుపిమ్మట నేను ప్రతి ఆదివారము ఒక్కొక్క పాతచిత్రమును ఇంటనే అమ్మకు చూపితిని. మొదటిచిత్రమున బండరాయి దొర్లివచ్చినప్పుడు ఆమె ముఖమున నిరాశ కనబడెను. "ఇంతేనా రాయి? మీరు చెప్పినది మన క్వార్టర్సు అంత యుండెను గదే" అనెను. పాముల ఘట్టమున, "నీవు చెప్పినప్పుడు ఇంతకంటె భయము వేసినది" అనెను. చెరువు చిన్నదగుట ఆమెకే జరిగినది. కాని ఆమె చింతింపలేదు. మేరియన్ పానశాల ఘట్టము మాత్రము రెండుమార్లు వేయించుకొని చూచినది. కొంగు అడ్డము పెట్టుకొనకుండ నవ్వినది.

మూడవచిత్రము చూచినరాత్రి అమెరికానుండి తమ్ముని కుమార్తె ఫోనుచేసెను. దానికి తొమ్మిదేండ్లు. "నాయనమ్మా, ఏమి చేసినావు ఈవేళ?" అని అడిగెను. అమ్మ కుర్చీలో సర్దుకొని కూర్చుండి, కాళ్లు పైకి ముడుచుకొని, "ఒక పెద్ద గుహ యున్నదమ్మా. మన యిల్లంత బండరాయి..." అని మొదలుపెట్టెను. నేను వంటింట గిన్నెలు తోముచు, కుళాయి కట్టివేసి, వినుచు నిలిచితిని.